ఫ్లోరైడ్: నీటిలో అంకె, ఎముకలో లెక్క

2024 సెప్టెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఎడ్వర్డ్ చెన్ ఒక తీర్పు ఇచ్చారు. పళ్లు పుచ్చిపోకుండా అమెరికా నగరాలు కుళాయి నీటిలో కలుపుతున్న ఫ్లోరైడ్ వల్ల పిల్లల తెలివితేటలకు అసమంజసమైన ముప్పు ఉందనీ, అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ దీనిపై ఏదో ఒక చర్య తీసుకోవాలనీ ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడాది యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు నీళ్లలో ఫ్లోరైడ్ కలపడాన్నే నిషేధించాయి. ఇంత గొడవకూ కారణమైన మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు.

ఈ వార్త చదివిన నల్గొండవాసికి ఎలా ఉంటుందో ఊహించవచ్చు. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు నల్గొండ జిల్లాలో ఒక ప్రాంతపు బావులను పరీక్షించి 2011లో ప్రచురించిన వ్యాసంలో గరిష్ఠంగా 8.8 మిల్లీగ్రాములు కనిపించింది. అమెరికాలో కోర్టుకెక్కిన మోతాదుకు ఇది పన్నెండు రెట్లకు పైనే. ఆ తీర్పుకు ఆధారమైన పరిశోధనల్లో ఎక్కువ భాగం అమెరికాలో జరిగినవి కావు. వాటిలో చాలా చైనా పల్లెల్లోనూ, కొన్ని భారతదేశపు పల్లెల్లోనూ పిల్లలను పరీక్షించి రాసినవి. మన ఊళ్ల నీళ్ల నుంచి పుట్టిన జ్ఞానం మరో దేశపు విధానాన్ని కదిలిస్తోంది. అదే జ్ఞానం మన ఊళ్లకు ఏం చేసింది, ఇంకా ఏం చేయాల్సి ఉంది అనేది ఈ వ్యాసంలో చూడదలచుకున్న ప్రశ్న.

మొదట చరిత్ర. ప్రపంచానికి ఫ్లోరైడ్ సంగతి పళ్ల ద్వారా తెలిసింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టి పెరిగినవాళ్ల పళ్లపై గోధుమరంగు మచ్చలను ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే గమనించాడు. కారణం నీటిలోని ఫ్లోరైడ్ అని 1931లో తేల్చింది అల్యూమినియం కంపెనీ ఆల్కోవాలో పనిచేసిన చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త. మచ్చలున్న పళ్లు పుచ్చడం తక్కువ అన్న గమనింపు నుంచే 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరం నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. అక్కడ కథ పళ్ల దగ్గర ఆగింది.

మన దగ్గర ఎముకల దాకా వెళ్లింది. 1930ల్లో ఈ జబ్బు ముందుగా పశువుల్లో కనిపించింది. నిజాం రాజ్యంలోనూ మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పశువులు బిగుసుకుపోతున్న జబ్బు గురించి 1934, 35 సంవత్సరాల్లో నివేదికలు వచ్చాయి. 1937లో షార్ట్ అనే బ్రిటిష్ వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో, మనుషులను పరీక్షించారు. నడి వయసుకే మెడ తిప్పలేక, వెన్ను వంచలేక, చివరికి కాళ్లు చచ్చుబడి మంచాన పడ్డవాళ్లను చూశారు. నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచి, ఎక్స్‌రేలు తీసి, ఎముకలు గట్టిపడి కలిసిపోవడాన్ని వర్ణించారు. నీటి ద్వారా వచ్చే అస్థి ఫ్లోరోసిస్‌ను ప్రపంచానికి తెలిపిన తొలి వివరమైన అధ్యయనాల్లో అది ఒకటి. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్గొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంటే ఈ జబ్బుకు మొట్టమొదటి పాఠ్యపుస్తకాలు మన పల్లెలే.

ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్యాక్టరీల నుంచి కాదు, మన కాళ్ల కింద ఉన్న రాతి నుంచి. తెలంగాణ, రాయలసీమ, ప్రకాశం పశ్చిమ భాగాల్లో చాలా చోట్ల గ్రానైట్ పునాది. నల్గొండ గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ప్రపంచ సగటు కంటే ఎక్కువ. రాతి సందుల్లో నీరు ఎంత కాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. కానీ రాయి ఒక్కటే చాలదు. నీటిలో కాల్షియం ఎక్కువ ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కరగని ఖనిజంగా మార్చేస్తుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న క్షార జలంలో ఆ కట్టడి ఉండదు. వానలు తక్కువ, ఎండ ఎక్కువ అయిన చోట సున్నం రాయిగా పేరుకుని కాల్షియం నీటిలోంచి బయటికి పోతుంది, ఫ్లోరైడ్ పెరుగుతుంది.

ఇందులో ఇంటి మనుషులు మోసపోయే సంగతి ఒకటుంది. పప్పు ఉడకని నీళ్లు చెడ్డవి, పప్పు మెత్తగా ఉడికే నీళ్లు మంచివి అని మనకొక లెక్క. పప్పు ఉడకనివ్వనిది కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న కఠిన జలం. సబ్బు బాగా నురగొచ్చి, పప్పు చక్కగా ఉడికే మృదు జలంలోనే ఫ్లోరైడ్ దండిగా ఉండవచ్చు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నాలుక చెప్పలేనిదాన్ని కొలత మాత్రమే చెప్పగలదు. ఆ కొలతను సులువు చేసినది 1966లో వచ్చిన ఒక చిన్న పరికరం. లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో చేసిన ఎలక్ట్రోడ్ అది. దాన్ని ముంచితే నీళ్లలోనూ మూత్రంలోనూ ఫ్లోరైడ్ ఎంతో నిమిషాల్లో తెలుస్తుంది. పదార్థ విజ్ఞానం ఈ జబ్బుకు చేసిన సహాయాల్లో అన్నిటికంటే గొప్పది ఇదేనని నా నమ్మకం. వడపోత పదార్థాల గురించి వేల వ్యాసాలు వచ్చాయి, వాటి సంగతి తర్వాత చూద్దాం.

బోర్లు వచ్చాకే ఫ్లోరైడ్ వచ్చిందని చాలామంది అంటారు. 1937 నాటి రోగులు తాగింది చేదబావుల నీళ్లే, కాబట్టి ఆ మాట పూర్తిగా నిజం కాదు. కానీ లోతు బోర్లు సమస్యను విస్తరించాయన్నది నిజం. పాత నీటిని, రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీటిని పైకి తెచ్చాయి. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పనిలో మరో మెలిక కనిపించింది. బోరు నీటితో వరి పండిస్తే మడిలో నీరు ఆవిరై, మిగిలిన చిక్కటి నీరు మళ్లీ భూమిలోకి ఇంకుతుంది. ఆ తిరుగుడులో ఫ్లోరైడ్ పెరుగుతుంది.

ఇక శరీరం. మింగిన ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో సుమారు సగం మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. ఎముకలు పెరుగుతున్న పిల్లల్లో అంతకంటే చాలా ఎక్కువ శరీరంలోనే ఆగిపోతుంది. అలా ఆగిన ఫ్లోరైడ్‌లో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. ఎముక ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. అందులోని హైడ్రాక్సిల్ స్థానంలో దాదాపు అదే పరిమాణం ఉన్న ఫ్లోరైడ్ సునాయాసంగా దూరిపోతుంది. అప్పుడు ఏర్పడే స్ఫటికం పెద్దది, మరింత గట్టిది, తేలిగ్గా కరగనిది. పంటి పైపొరలో కొద్దిగా ఉంటే పుచ్చకుండా కాపాడేది ఈ గుణమే. ఎముకలో అదే గుణం శాపం. ఎముక నిరంతరం కరుగుతూ, తిరిగి కట్టుకుంటూ బతికే కణజాలం. కరగడం మందగించి, ఎముక కట్టే కణాలు మాత్రం రెచ్చిపోతే, ఉండకూడని చోట ఎముక పెరుగుతుంది. స్నాయువులు ఎముకగా మారతాయి, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, వెన్నుపాము దారి ఇరుకవుతుంది. నరాల మీద ఈ ఒత్తిడి తెచ్చే పక్షవాతాన్ని గురించి మన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి దశాబ్దాల పాటు రాశారు.

గట్టిపడిన ఎముక బలమైన ఎముకేనా? ఈ ప్రశ్నకు జవాబు అనుకోని చోటు నుంచి వచ్చింది. ఫ్లోరైడ్ ఎముక సాంద్రతను పెంచుతుంది కాబట్టి, వయసు మళ్లిన స్త్రీల ఎముకల గుల్లదనానికి అది మందు అవుతుందని పాశ్చాత్య వైద్యులు ఆశపడ్డారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రిగ్స్, సహచరులు 202 మంది స్త్రీలపై నాలుగేళ్లు పరీక్ష జరిపి 1990లో ఫలితం ప్రకటించారు. సగం మందికి రోజూ 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర, అందరికీ కాల్షియం ఇచ్చారు. ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్లలో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. స్కాన్ చూస్తే అద్భుతం. కానీ వెన్నుపూసలు విరగడం తగ్గలేదు. మిగతా ఎముకలు విరిగిన సంఘటనలు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 24 ఉంటే, ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్లలో 72. సాంద్రత పెరిగింది, బలం పెరగలేదు. ఖనిజం ఎక్కువై, దాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్‌తో పొత్తు చెడింది. వైద్య చరిత్రలో ఎంతో ఖర్చుతో, ఎంతో పద్ధతిగా నేర్చుకున్న ఈ పాఠాన్ని కనిగిరి, నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రజలు ఏ సమ్మతిపత్రమూ లేకుండా తమ ఒళ్లతో చూపించారు.

అయితే ఒకే ఊళ్లో, ఒకే బోరు నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరు వంగిపోతారు, ఇంకొకరు నిటారుగా తిరుగుతారు. దీనికి వివరణ వెతికిన పరిశోధనే నాకు ఈ రంగంలో అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. నల్గొండ జిల్లాలో కౌమారంలో ఉన్న పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. పాత ఫ్లోరోసిస్‌లో వెన్నెముక గట్టిపడుతుంది. ఈ పిల్లల కాళ్ల ఎముకలు మాత్రం గుల్లబారి ఉన్నాయి. కొత్త రూపం ఎందుకు వచ్చింది? జొన్న తిండిలోని మాలిబ్డినం, శరీరంలో రాగి లోటు, కాల్షియం కొరత కలిసి ఫ్లోరైడ్‌ను ఇలా తిప్పాయని ఒక వాదం వచ్చింది. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భ జలమట్టం పెరిగి, నేల క్షారత మారి, జొన్న ఎక్కువ మాలిబ్డినం పీల్చుకుందని ఆ వాదం ఇంకా ముందుకు వెళ్లింది. అందులో ప్రతి మెట్టూ రుజువైందని చెప్పడానికి లేదు. కానీ ఒక సంగతి అప్పటి నుంచి మళ్లీ మళ్లీ రుజువవుతూనే ఉంది. తిండిలో కాల్షియం చాలినంత లేని పిల్లలను ఫ్లోరైడ్ ముందుగా, గట్టిగా దెబ్బతీస్తుంది. పాలు, పెరుగు అందే ఇంట్లో పేగులోనే కొంత ఫ్లోరైడ్ కాల్షియంతో కట్టుబడి బయటికి పోతుంది. జబ్బుకు కారణం నీళ్లు, జబ్బు తీవ్రతకు కారణం పేదరికం.

ఇక్కడి నుంచే ప్రమాణం గురించి అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారత ప్రమాణాల సంస్థ 1.0 వరకు అంగీకారయోగ్యం అంటుంది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తుంది. ఇవి నీటికి సంబంధించిన అంకెలు, మనిషికి సంబంధించినవి కావు. రోజుకు రెండు లీటర్లు తాగే మనిషిని మనసులో పెట్టుకుని వేసిన లెక్క చల్లటి దేశంలో పనికొస్తుంది. మే నెలలో ఉపాధి హామీ పనికి వెళ్లి మట్టి తవ్వే మనిషి అంతకు రెండింతలు, మూడింతలు తాగుతాడు. లీటరుకు 1.5 అయినా ఆ మనిషి ఒంట్లోకి వెళ్లేది ఆరు నుంచి తొమ్మిది మిల్లీగ్రాములు. ఈ అభ్యంతరం కొత్తది కాదు. 1988లోనే సెనెగల్ దేశంలో పనిచేసిన పరిశోధకులు ఈ విలువ వేడి దేశాలకు నప్పదని లాన్సెట్‌లో రాశారు. స్థానిక వాతావరణాన్ని, తాగే నీటి పరిమాణాన్ని చూసుకుని ప్రమాణం పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది. మనం అంకెను తీసుకున్నాం, ఆ షరతును వదిలేశాం.

పైగా తాగే నీరు ఒక్కటే దారి కాదు. చైనాలోని గుయిజౌ ప్రాంతంలో నీళ్లలో ఫ్లోరైడ్ పెద్దగా లేకపోయినా లక్షల మందికి ఫ్లోరోసిస్ వచ్చింది. ఇంట్లో బొగ్గు పొయ్యి మీద మొక్కజొన్న, మిరపకాయలు ఆరబెట్టడం వల్ల పొగలోని ఫ్లోరైడ్ తిండిలోకి చేరింది. టిబెట్‌లో ముదురు ఆకులతో చేసే ఇటుక టీ అదే పని చేసింది. మన దగ్గర దారి వంటిల్లు. ఇరవై లీటర్ల క్యాను నీళ్లు తాగడానికి తెచ్చుకున్నా అన్నం, పప్పు వండేదీ, టీ కాచేదీ బోరు నీళ్లతోనే. మరిగిస్తే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ ఆవిరవదు. గింజ పీల్చుకున్న నీటితో పాటు అదీ కంచంలోకి వస్తుంది.

ఇప్పుడు మెదడు సంగతి. 2024 ఆగస్టులో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం తన సమీక్షను ప్రచురించింది. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న చోట పిల్లల ఐక్యూ తక్కువగా ఉండటాన్ని ఒక మోస్తరు నమ్మకంతో చెప్పగలమంది. నాణ్యమైనవిగా ఎంచిన 19 అధ్యయనాల్లో 18 అదే దిశ చూపాయి. 2025 జనవరిలో జామా పీడియాట్రిక్స్‌లో వచ్చిన విశ్లేషణ 74 అధ్యయనాలను కలిపి చూసింది. వాటిలో 45 చైనావి, 12 భారతదేశానివి, అమెరికాది ఒక్కటీ లేదు. మూత్రంలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరిగితే ఐక్యూ 1.63 పాయింట్లు తగ్గినట్టు లెక్క తేలింది. మెరుగైన అధ్యయనాలనే తీసుకుంటే 1.14. ఈ 74లో 52 పొరపాటుకు ఎక్కువ అవకాశం ఉన్నవని ఆ రచయితలే వర్గీకరించారు. నీటిలో 1.5 కంటే తక్కువ ఉన్న చోట సంబంధం స్పష్టంగా కనిపించలేదు. మెక్సికో, కెనడాల్లో గర్భిణులను, పుట్టిన పిల్లలను వెంబడించిన అధ్యయనాలు తక్కువ మోతాదులోనూ అనుమానం రేపాయి. న్యూజిలాండ్‌లోని డునెడిన్ అధ్యయనం ఏ తేడా లేదంది.

కాబట్టి 0.7 గురించి అమెరికన్లు వాదించుకోవడానికి చోటుంది, మనకు 4, 6, 8 గురించి వాదన అక్కర్లేదు. కానీ మన 12 అధ్యయనాల బలహీనతను ఒప్పుకోవాలి. ఎక్కువ భాగం ఒక రోజు బడికి వెళ్లి రెండు ఊళ్ల పిల్లలను పోల్చినవి. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరు పేద ఊరు కూడా కావచ్చు, అక్కడ రక్తహీనత, అయోడిన్ లోపం ఉండవచ్చు, బడి సరిగ్గా నడవకపోవచ్చు. ఒక పాయింటు, రెండు పాయింట్ల తేడాను ఫ్లోరైడ్‌కే కట్టబెట్టడం కష్టం. దీన్ని తేల్చాలంటే గర్భంతో ఉన్నప్పటి నుంచీ తల్లీబిడ్డలను ఏళ్లపాటు వెంబడించాలి. ఆ పని చేయదగ్గ చోట్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి, వాటిలో కొన్ని మన రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి.

వడపోత దగ్గరికొద్దాం. ఒక జిల్లా పేరును ప్రపంచమంతా రసాయన పద్ధతిగా తెలుసుకున్న సందర్భం అరుదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, నీరీ, 1970ల్లో రూపొందించిన నల్గొండ టెక్నిక్ అలాంటిది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపితే, పటికలోని అల్యూమినియం తెట్టుగా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీరు తాగవచ్చు. నలభై లీటర్ల బకెట్‌తో ఇంట్లోనూ చేయవచ్చు, ట్యాంకు కట్టి ఊరికీ ఇవ్వవచ్చు. ఇంట్లో చేసుకుంటే కరెంటు అక్కర్లేదు, సరుకు కిరాణా కొట్లో దొరుకుతుంది. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల దాకా ఈ పద్ధతి వెళ్లింది. కానీ బురద నీటిని తేర్చడానికి వేసే పటికకు ఎన్నో రెట్లు ఇక్కడ వేయాలి. నీటిలో సల్ఫేటు పెరుగుతుంది, రుచి మారుతుంది, పాళ్లు తప్పితే అల్యూమినియం నీటిలోనే మిగులుతుంది, రోజూ వచ్చే బురదను ఎక్కడో పారబోయాలి. పాళ్లు కొలిచే మనిషికి జీతం ఆగిన రోజు ప్లాంటు ఆగింది.

తర్వాత యాక్టివేటెడ్ అల్యూమినా వచ్చింది. యూనిసెఫ్ సహాయంతో అనంతపురం జిల్లాలో ఇంటింటి ఫిల్టర్లుగా అది కొంతకాలం నడిచింది. ఆ గుళికలు నీటి ఆమ్లత్వం 5, 6 పీహెచ్ దగ్గర ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మన ఫ్లోరైడ్ నీళ్ల పీహెచ్ ఎనిమిదికి దగ్గర. కొన్ని నెలలకోసారి కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేయాలి. ఈ పని పల్లె ఇల్లాలు చేస్తుందని అనుకోవడం అన్యాయం. ఆఫ్రికాలో ఎముకల బొగ్గు బాగా పనిచేసింది. కాల్చిన పశువుల ఎముకల్లోని అపటైట్ నీటిలోని ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. మన ఒంట్లో జరిగే మార్పే అది, కాకపోతే ఒంటి బయట జరుగుతుంది. తాగే నీళ్లను ఎముకల మీదుగా పోయడానికి మన దేశంలో చాలా ఇళ్లు ఒప్పుకోవు, కాబట్టి అది ఇక్కడ నాటుకోలేదు.

ఇటీవలి పత్రికలు తిరగేస్తే లాంథనం, సీరియం, జిర్కోనియం ఆక్సైడ్‌లు, లోహ కర్బన చట్రాలు, గ్రాఫీన్ పూతలు, నానో అపటైట్ వరసగా కనిపిస్తాయి. ప్రతి వ్యాసంలోనూ ఒక గ్రాము పదార్థం ఇన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పట్టిందని ఘనంగా ఒక అంకె ఉంటుంది. ఆ అంకె శుద్ధజలంలో సోడియం ఫ్లోరైడ్ కలిపి, పీహెచ్ తనకు నచ్చినట్టు పెట్టుకుని, మన బావుల్లో ఎప్పుడూ ఉండనంత గాఢతలో తీసినది. బైకార్బొనేట్, సిలికేట్, ఫాస్ఫేట్ ఉన్న నిజమైన నల్గొండ నీళ్లు పోస్తే ఆ సామర్థ్యం బాగా పడిపోతుంది. ఈ పరిశోధనను నేను తక్కువ చేయడం లేదు. ఎనిమిది పీహెచ్ దగ్గర బైకార్బొనేట్ మధ్య పనిచేసే చవకైన పదార్థం వస్తే అది నిజంగా మేలు. అందుకే ఆ ప్రయోగం మొదటి రోజే అసలు బోరు నీటితో జరగాలని కోరుతున్నాను. నాలుగు దశాబ్దాల అనుభవం చెప్పేది ఒకటే. ఊళ్లలో ఫిల్టర్లు ఆగిపోయింది పదార్థం చాలక కాదు, దాన్ని చూసుకునే మనిషికి జీతం, విడిభాగాలు, పరీక్ష ఫలితాలు అందక.

ఆర్వో ప్లాంట్లు ఆ ఖాళీని నింపాయి. ఇరవై లీటర్లు రెండు రూపాయలకో ఐదుకో దొరికేసరికి జనం ఫిల్టర్లను మరిచిపోయారు. ఆర్వో ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, సందేహం లేదు. దాంతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తుంది, కాల్షియమే రక్షణ అయిన ప్రాంతంలో. వదిలేసిన చిక్కటి ఫ్లోరైడ్ నీరు మురుక్కాల్వలోకి, అక్కడి నుంచి మళ్లీ నేలలోకి వెళ్తుంది.

నల్గొండలో అసలు మార్పు తెచ్చినది ఏ వడపోతా కాదు, కృష్ణా నది నీరు. ఆ నీటి కోసం జనం ఎంతగా పోరాడారంటే, 1996 లోక్‌సభ ఎన్నికల్లో నిరసనగా నామినేషన్లు వేసి నల్గొండ స్థానంలో 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. తర్వాత దశలవారీగా నది నీరు వచ్చింది, 2015లో మొదలైన మిషన్ భగీరథ దాన్ని ఇంటింటికీ చేర్చే పని పెట్టుకుంది. 2015లో తెలంగాణలో తొమ్మిది వందలకు పైగా ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు ఉండేవి, 2020 ఆగస్టు నాటికి ఒక్కటీ లేదని కేంద్ర ప్రభుత్వ లెక్క. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో, 1937లో ఈ జబ్బును వర్ణించిన ఊళ్లలో, వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం ఇంకా ఎదురుచూపే సాగుతోంది. ఈ వరస నాకు మింగుడుపడదు.

ఆవాసం జాబితాలోంచి తొలగింది, అందులోని మనిషి ఎముక తొలగలేదు. ఫ్లోరైడ్ తాగడం ఆపినా ఎముకలో చేరినది కరిగి పోవడానికి ఏళ్లు పడుతుంది. అతుక్కున్న వెన్నుపూసలు మళ్లీ విడివడవు. దాన్ని తిప్పికొట్టే మందు లేదు. ఉన్నవల్లా నొప్పి తగ్గించేవి, కాల్షియం, విటమిన్ డి, ఫిజియోథెరపీ, కొందరికి వెన్ను ఆపరేషన్. అయితే ఎముకకు చేరకముందు జరిగే హానిని కొంత సరిదిద్దవచ్చు. ఎయిమ్స్‌లో పనిచేసిన ఎ.కె. సుశీల ఢిల్లీలో రక్తహీనత ఉన్న గర్భిణుల తిండీ నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించి, పోషణ పెంచితే హిమోగ్లోబిన్ పెరిగిందనీ, పుట్టిన బిడ్డల బరువు మెరుగుపడిందనీ 2010లో చూపించారు. జాతీయ పోషకాహార సంస్థలో ఖండారే, సహచరులు 18 మంది అబ్బాయిలకు 18 రోజులు రోజూ పది గ్రాముల చింతపండు ఇచ్చి కొలిస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. చిన్న అధ్యయనం, చింతపండు మందేమీ కాదు. కానీ తిండి ఈ లెక్కలో ఎంత ముఖ్యమో చెప్పడానికి మన పులుసు కంటే దగ్గరి సాక్ష్యం లేదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు, పాలు, ఆకుకూర ఉండటం ఫ్లోరోసిస్ కార్యక్రమంలో భాగమని జిల్లా అధికారులు ఎంచాలి.

జాతీయ ఫ్లోరోసిస్ నియంత్రణ కార్యక్రమం 2008-09లో ఐదు జిల్లాలతో మొదలైనప్పుడు వాటిలో నెల్లూరు ఒకటి. అందులోని పరీక్ష ఎంత సులువో చూడండి. వంగి కాలి బొటనవేళ్లు తాకమంటారు, గడ్డం ఛాతీకి ఆనించమంటారు, చేతులు తల వెనక్కి పెట్టమంటారు. ఆశా కార్యకర్త చేయగల పని. కావలసింది ఆ పరీక్షను ఏటా చేసి, రాసి, ఐదేళ్ల తర్వాత పోల్చే ఓపిక.

నీరు మారడంతో నల్గొండ జిల్లా, ఎవరూ పథకం వేయకుండానే, ప్రపంచంలోని పెద్ద సహజ ప్రయోగాల్లో ఒకటైంది. దాని ఫలితాన్ని చదివే పద్ధతి పిల్లల నోట్లోనే ఉంది. శాశ్వత ముందు పళ్ల పైపొర ప్రధానంగా పుట్టిన మొదటి మూడేళ్లలో తయారవుతుంది. ఆ మూడేళ్లలో ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే, ఆరేడేళ్లకు పైకి వచ్చే శాశ్వత దంతం మీద అది గీతలుగా, మచ్చలుగా ఉండిపోతుంది. కుళాయి వచ్చాక పుట్టిన పిల్లలు ఇప్పుడు రెండో తరగతి, మూడో తరగతి చదువుతున్నారు. వాళ్ల ముందు పళ్లు వచ్చేశాయి. మర్రిగూడ, చండూరు, నాంపల్లి మండలాల బడుల్లో ఒక దంతవైద్యుడు, చిన్న అద్దం, పళ్ల మచ్చల తీవ్రతను కొలిచే డీన్ సూచిక పట్టిక చాలు. ఒకే ఇంట్లో కుళాయి రాకముందు పుట్టిన అక్కనూ, వచ్చాక పుట్టిన తమ్ముడినీ పక్కపక్కన కూర్చోబెట్టి చూస్తే తిండి, కులం, ఆదాయం అన్నీ ఒకటే, నీళ్లు మాత్రమే వేరు. తమ్ముడి పళ్లు తెల్లగా ఉంటే పైపు పనిచేసినట్టు. వాటి మీదా మచ్చలుంటే ఆ ఇల్లు ఇంకా బోరు నీళ్లతో వండుతున్నట్టు, లేదా కుళాయి వారానికి రెండు రోజులే వస్తున్నట్టు, వెంటనే వెళ్లి కారణం వెతకాల్సిన ఇల్లు అదే.